తొమ్మిదో గడి

ఇతరులు రాసినవి దిద్దడమే నా ఉద్యోగం. బళ్లో పంతులమ్మని కాదు. ఢిల్లీ నుంచి నడిచే ఒక దర్యాప్తు సంస్థలో, హైదరాబాద్ శాఖలో ఎస్పీని. మా ఇన్‌స్పెక్టర్లు నేరస్థుల్ని పట్టుకుంటారు, విశాలాక్షి మేడం ఇన్‌స్పెక్టర్లని పట్టుకుంటుంది అని ఆఫీసులో నా మీదొక జోకు. అది నా చెవిన పడ్డ రోజు కోపం నటించాను గానీ లోపల మురిసిపోయాను. కేసు డైరీ గానీ, సాక్షి వాంగ్మూలం గానీ, పంచనామా గానీ నా బల్ల మీదుగా పోవాల్సిందే. నా ఆకుపచ్చ సిరా పడని కాగితం కోర్టు మొహం చూడదు.

నాకో సూత్రం ఉండేది. ఎక్కడా ఖాళీ వదలకూడదు. ఎదుటి పక్షం లాయరు దూరేది ఆ ఖాళీలోంచే. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే ఈ ముక్క చెప్పేదాన్ని. రెండోసారి చెప్పించుకున్నవాడికి చీవాట్లు పెట్టేదాన్ని. నా చేతి మీదుగా వెళ్లిన కేసుల్లో ముప్పాతిక వంతు శిక్షలు పడ్డాయి. ఆ లెక్క చూసుకుని గర్వపడిన రోజులు గుర్తొస్తే ఇప్పుడు అద్దంలో నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

మా ఇల్లు తార్నాకలో. పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడవడం ఇరవై ఏళ్ల అలవాటు. తార్నాక, సీతాఫల్‌మండి, బౌద్ధనగర్‌ల నుంచి షుగరున్నవాళ్లూ బీపీ ఉన్నవాళ్లూ అందరూ అక్కడికే వస్తారు. ఈ జులైలో ఒక శుక్రవారం, ఆర్ట్స్ కాలేజీ దాటి లైబ్రరీ వైపు తిరుగుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు.

"మేడం, జర ఆగుర్రి."

రాజలింగం. యూనివర్సిటీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. మా సోదాలకి సాక్షులుగా దారిన పోయేవాళ్లని తీసుకోం. ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఉత్తరం రాస్తే ఇద్దరు ఉద్యోగుల్ని పంపుతారు. వాళ్లు సోదా అంతా కళ్లారా చూసి, పంచనామాలో ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాలి. కిందటి ఆగస్టులో మేము హాస్టల్లో చేసిన సోదాకి అలా వచ్చిన సాక్షుల్లో రాజలింగం ఒకడు. రెండో ఆయన ఆ తర్వాత గుండెపోటుతో పోయాడు.

"మూడు వారాలల్ల నా సాక్ష్యం ఉన్నది మేడం. కోర్టు కాగితం వచ్చింది. నాకు నిద్ర వడ్తలేదు" అన్నాడు.

"మొదటిసారి కదా, భయం ఉంటుంది. చూసింది చూసినట్టు చెప్పండి, అంతే."

"గదే మేడం కష్టం. చూసింది ఒకటి, సంతకం పెట్టింది ఒకటి."

నేను ఆగిపోయాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఫోను సొరుగుల దొరకలే. గా మూలకు పరిచిన చాప కింద దొరికింది. ఆ చాప మీరు పట్టుకపోయిన భానుప్రకాశ్‌ది కాదు, గదే గదిల ఉండి పారిపోయిన ఇంకో పోరనిది. ఆ పొద్దు రాసిన కాగితంల సొరుగు మాటే లేదు. రెండు దినాలైనంక మీ ఇన్‌స్పెక్టర్ సారు ఇంకో కాగితం పట్టుకొచ్చిండు, పేజీ ఖరాబైంది, మళ్ల టైప్ చేసినం అన్నడు. అండ్ల సొరుగు ఉన్నది. నేను సర్కారు నౌకరిగాణ్ణి మేడం. పెట్టుమన్న కాడ పెట్టిన."

"ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"కేసు కొట్టుకపోతది అనుకున్న. పిలగాడు ఇంటికి పోతడు అనుకున్న." తల వంచుకున్నాడు. "పదకొండు నెలలైంది మేడం, లోపల్నే ఉన్నడు."

నేను చూస్తాను, మీరు ఎవరితోనూ అనకండి అన్నాను. ఆయన నా మీద భారం వేసి తేలిగ్గా సీతాఫల్‌మండి వైపు నడిచి వెళ్లిపోయాడు. నేను మాత్రం నడక సగంలో ఆపి ఇంటికి తిరిగాను. ఎందుకంటే ఆయన చెప్పింది నాకు కొత్త సంగతి కాదు.

కేసు ఇది. ఒక కేంద్ర ఉద్యోగాల పరీక్ష పేపరు ముందురోజే ఫోన్లలో తిరిగింది. ఫలానా హాస్టల్లో ఫలానా గదిలో చూడండని ఎవరో మాకు కబురిచ్చారు. తెల్లారేసరికి ఇన్‌స్పెక్టర్ పరుశురాం ఆ గదిలో ఉన్నాడు. పేపరు ఫోటో ఉన్న ఫోను దొరికింది. గది ఎవరి పేరున ఉందో అతన్ని, అంటే భానుప్రకాశ్ అనే పీహెచ్‌డీ విద్యార్థిని, అరెస్టు చేశాడు. అరెస్టు సబబే అనిపించింది నాకు. మర్నాడు పంచనామా నా బల్ల మీదికి వచ్చింది. అందులో తొమ్మిదో గడి, 'వస్తువు ఎవరి స్వాధీనంలో దొరికింది' అన్నది, ఖాళీగా ఉంది. నేను పక్కనే ఆకుపచ్చ సిరాతో, 'ఇది ఏది? పూర్తి చేసి పంపండి' అని రాసి తిప్పి పంపాను. రెండు రోజులకి గడి నిండి వచ్చింది. 'నిందితుడి బల్ల సొరుగులో, అతని స్వాధీనంలో.' సంతకం చేశాను.

గదిలో సాక్షుల ఎదుట రాయాల్సిన ముక్క రెండు రోజుల తర్వాత ఆఫీసులో ఎలా పుట్టిందని నేను అడగలేదు. అడిగి ఉంటే జవాబు వచ్చేది. ఆ జవాబు నాకు అక్కర్లేదు. నేను పదహారేళ్లుగా నేర్చుకున్న విద్య అదే.

రాజలింగం చెప్పిన రోజే పరుశురాంని నా గదికి పిలిచి తలుపు వేయించాను. మా శాఖలో అతనికి సాటివచ్చే ఇన్‌స్పెక్టరు లేడు. మాణికేశ్వర్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో పెరిగి, అదే క్యాంపస్‌లో చదివి, సొంతంగా పైకొచ్చినవాడు. తండ్రి మెదక్ దిక్కు పొలం వదిలి వచ్చి మేస్త్రీ పని చేసేవాడు. నాకు పిల్లలు లేరు. ఉంటే ఇలా ఉండాలనుకునే మనిషి.

"సొరుగు ఎక్కడిది పరుశురాం?" అన్నాను.

అతను బుకాయించలేదు. నిలబడే చెప్పాడు.

"ఆ గదిల ఒక్కని పేరు మీద అయిదుగురు ఉంటుండె మేడం. సీటు రానోళ్లు, సదువు అయిపోయినా నౌకరి రానోళ్లు. నాన్‌బోర్డర్లంటరు. నేను గూడ నాలుగేండ్లు గట్లనే వేరేటోని గదిల కింద పండుకున్న. అయిదుగురు పండే గదిల చాప కింద దొరికినదాన్ని ఎవరిదని రాస్త? గందుకే ఖాళీ పెట్టిన. తెల్వక కాదు."

"మరి?"

"మీరు పూర్తి చేసి పంపుమన్నరు."

"నన్ను అడగాల్సింది."

"అడుగుదామనే వచ్చిన మేడం. మీరు ఢిల్లీ ఫోన్ల ఉన్నరు. నేను కాగితం చూపెట్టిన. మీరు చేత్తోని పొమ్మన్నరు, నింపు నింపు అని." అతను తన చెయ్యి గాలిలో ఆడించి చూపించాడు. అచ్చం నా చెయ్యే. "పారిపోయినోని అసలు పేరు గూడ దొరకలే. గది ఎవరి పేరు మీదుంటే వాని పేరు రాసిన. ఇంకెవరి పేరు రాయాలె?"

అరవాలని నోరు తెరిచాను. కానీ అరవాల్సింది నా మీదే. అతను నా సూత్రాన్ని నాకంటే శ్రద్ధగా పాటించాడు, అంతే.

"ఇప్పుడు చెప్తే నా నౌకరి పోతది మేడం. కేసు గూడ పెడ్తరు. మా పాప తొమ్మిదో క్లాసుకు వచ్చింది" అన్నాడు. బతిమాలినట్టు కాదు, నాకు తెలియని వివరం ఒకటి అందించినట్టు. "మీరు ఏది రాస్తే గదే. నేనేమన" అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని రెండు పేజీల నోటు రాశాను. సోదాలో ఏం జరిగిందో, పంచనామా ఎలా మారిందో, అందులో నా తప్పెంతో, ఈ సాక్ష్యం మీద నిందితుణ్ణి ఉంచడం అన్యాయమనీ, ఈ సంగతి కోర్టుకి మనమే చెప్పాలనీ రాశాను. సంతకం పెట్టాను. తేదీ మాత్రం ఇచ్చే రోజు వేద్దామని వదిలేశాను. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

ఆ నోటు పద్దెనిమిది రోజులు బ్యాగులోనే ఉంది. రోజూ ఆఫీసుకి వెళ్లేది, రోజూ ఇంటికి వచ్చేది. పరుశురాం కూతురి కోసమే ఆలోచిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. నాకు రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలుంది. నా సర్వీసులో ఒక్క మెమో లేదు. విశాలాక్షి తప్పు చేసిందట అని కారిడార్లో గుసగుసలాడుకుంటారని భయం. ఒక కుర్రాడు జైల్లో ఒక్కో రోజూ లెక్కపెట్టుకుంటుంటే నేను నా పరువు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పిరికిదాన్ని. వేరే మాట వెతకడం అనవసరం.

ఈ మధ్యలో లచ్చవ్వ.

లచ్చవ్వ భానుప్రకాశ్ తల్లి. కొడుకు జైలుకి వెళ్లాక ఊళ్లో ఉన్న ఎకరమూ కౌలుకిచ్చి వచ్చేసి, మాణికేశ్వర్ నగర్‌లో ఒక ఆడపిల్లల ప్రైవేటు హాస్టల్లో వంటపనికి కుదిరింది. మొదట్లో మా ఆఫీసు గేటు దగ్గర నిలబడేది. నేను క్యాంపస్‌లో నడుస్తానని ఎవరు చెప్పారో, ప్రతి సోమవారం అక్కడికి రావడం మొదలుపెట్టింది. ఏడవదు, తిట్టదు. నేను కనిపించగానే చెంగు భుజం చుట్టూ కప్పుకుని, "మంచిగున్నరా మేడం" అంటుంది. తర్వాత ఒకటే ప్రశ్న. నేను దారి మార్చాను. ఆమె కూడా మార్చింది.

రాజలింగం చెప్పిన పన్నెండో రోజు కూడా ఆమె వచ్చింది. సోమవారం కాకపోయినా వచ్చేసింది. చినుకులు మొదలై ఇద్దరం ఒకే బస్‌స్టాప్ కిందికి చేరాం. తప్పించుకునే దారి లేదు.

"నా కొడుకు ఎప్పుడొస్తడు మేడం?"

నా భుజానికి చిన్న సంచీ ఉంది. అందులో ఇంటి తాళాలూ, ఫోనూ, ఆ నోటూ. నోటుని ఇంట్లో పెట్టి రావడానికి కూడా నాకు ధైర్యం లేదు. తీసి, ఇదిగో లచ్చవ్వా, నీ కొడుకు తప్పు చేశాడనడానికి మా దగ్గర ఏమీ లేదు అని చెప్పవచ్చు. పది మాటలు కూడా అక్కర్లేదు. దానికి బదులు నాకు ఆమె మీద మండుకొచ్చింది. ఎందుకు నన్నిలా వేటాడుతుంది? ఎందుకు ఒక్కసారైనా తిట్టదు?

"కేసు నడిస్తే ఇంకా రెండు మూడేళ్లు పడుతుంది" అన్నాను కసిరినట్టు. "అదే తప్పు ఒప్పుకుంటే, ఇన్నాళ్లు ఉన్నదే శిక్ష కింద లెక్కేసి ఇంటికి పంపేస్తారు. చాలామంది అలాగే వెళ్తారు. ఇవన్నీ నన్ను కాదు, మీ లాయర్ని అడగాలి."

ఆమె తడిసిన చెంగు పిండుకుంది.

"ఒప్పుకుంటే వెంటనే పంపుతరా?"

"పంపవచ్చు."

"వాడు ఒప్పుకోడు మేడం. మొండోడు. చెయ్యనిది చేసిన అని ఎట్లంటనే అంటడు." తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "నేను ఒట్టు పెడ్తే వింటడు" అంది.

వద్దు అనాలి. అక్కడే, ఆ క్షణమే, ఆగమ్మా, వారం ఆగు అనాలి. వాన తగ్గింది. నేను ఇంటికి నడిచాను. ఆమె వెనక నుంచి, "మీరు సల్లగుండాలె మేడం" అంది.

దాని తర్వాత ఆరు రోజులూ నాకు నిద్ర లేదు. రాజలింగం ఎదురుపడితే నా కళ్లలోకి చూసి ముందుకు నడిచేవాడు. పందొమ్మిదో రోజు, ఇంక ఉండబట్టలేక, ఆఫీసులో కారు దిగి సరాసరి మా బాస్ గదికి వెళ్లి నోటు బల్ల మీద పెట్టాను. వెళ్లే ముందు కారిడార్లో నిలబడి తేదీ వేశాను. చాలా రోజుల తర్వాత ఊపిరి సరిగ్గా ఆడింది.

ఆయన మొదటి పేజీ పైన కేసు నంబరు చూసి నవ్వాడు.

"ఈ కేసా? అయిపోయింది కదా మేడం. మీకు చెప్పలేదా? నిన్న సాయంత్రం అక్యూజ్డ్ గిల్టీ అని ఒప్పేసుకున్నాడు. ఉన్న కాలమే శిక్ష అని వదిలేశారు. కన్విక్షన్. మీ రికార్డుకి ఇంకొకటి."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీకి వచ్చేసరికి నవ్వు పోయింది. చదివేశాక మెల్లిగా మడిచి, మడత మీద గోరు రాసి, నా వైపు జరిపాడు.

"ఇది నాకు ఇవ్వలేదు మీరు. నేను చదవలేదు. చేసిన అని జడ్జి ముందు వాడే చెప్పాడు. తల్లి కూడా కోర్టులో ఉందట. ఇప్పుడు ఇది పైకి పంపితే మీరు పోతారు, పరుశురాం పోతాడు, వాడికి ఒరిగేదేముంది? ఇంటికైతే వెళ్లాడుగా."

ఒరిగేది ఏమిటో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. శిక్ష పడ్డవాడు ఈ దేశంలో గుమస్తా ఉద్యోగానికి కూడా పనికిరాడు. పేపరు దొంగ అని ముద్ర పడ్డవాడికి యూనివర్సిటీ పరిశోధన సీటు ఉంచదు. ఏడేళ్లు ఆ క్యాంపస్‌లో చదివింది దేనికోసమో అది పోయింది. నోటు తీసుకుని కోర్టుకి వెళ్లవచ్చు. హైకోర్టుకి రాయవచ్చు. ఒప్పుకోలు మీద పడ్డ శిక్ష తిరగదోడటం కష్టమే గానీ, అసాధ్యం కాదు. ఈ మాట నేను కావాలని రాస్తున్నాను, దారి లేక ఊరుకున్నానని ఎవరూ అనుకోకూడదని. నేను నోటు బ్యాగులో పెట్టుకుని నా గదికి వచ్చాను. బల్ల మీద దిద్దాల్సిన కాగితాలు ఉన్నాయి. దిద్దాను.

మర్నాడు నడకకి వెళ్లకూడదనుకున్నాను. కాళ్లు తీసుకెళ్లాయి.

అదే బస్‌స్టాప్ దగ్గర లచ్చవ్వ ఉంది. సోమవారం కాదు. ఉతికిన చీర, తలకి నూనె. చేతిలో స్టీలు డబ్బా. కొంచెం దూరంగా గట్టు మీద ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. ఫైల్లో ఫోటో చూశాను కాబట్టి పోల్చుకున్నాను గానీ, లేకపోతే పోల్చలేను. ఆ ఫోటోలో చెంపలున్నాయి.

"మేడం!" లచ్చవ్వ దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. "మీరు చెప్పినట్టే అయింది. నేను ఒట్టు పెట్టిన. మూడు దినాలు నాతోని మాట్లాడలే. నాలుగో దినం ఒప్పుకున్నడు. మొన్న జైలు ములాఖత్‌ల నా చెయ్యి వట్టుకొని నీ కోసమే అవ్వా అన్నడు. ఇగో ఇంటికొచ్చిండు." డబ్బా నా చేతుల్లో పెట్టింది. ఇంకా వేడిగా ఉంది. "సర్వపిండి. మీకోసమే చేసిన. లాయరు పైసలడిగిండు గానీ దారి చెప్పలే. మీరు చెప్పిన్రు. ఇంతమందిల మీరొక్కరే చెప్పిన్రు."

భానుప్రకాశ్ గట్టు మీద నుంచి లేవలేదు. నా వైపు చూడలేదు. క్యాంపస్ బిల్డింగుల వైపు కూడా చూడలేదు. చెప్పుల మధ్య నేలకేసి చూస్తూ ఉన్నాడు.

"ఒక్క మాట అడగాలె మేడం" అంది లచ్చవ్వ. "మళ్ల నోటిఫికేషన్ వడ్డదంట. వీనితోటోళ్లంత ఫారం నింపుతున్నరు. వీడు నింపనంటడు. ఎందుకురా అంటే పలకడు. మీరు పెద్దోళ్లు, మీకు ఎరుక. వాడు ఇప్పుడు పరీక్ష రాస్తడు గద? నౌకరి అయితది గద?"

నా సంచీలో రెండు పేజీలున్నాయి. చేతుల్లో వేడి డబ్బా ఉంది. ఆమె మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఊరుకుందామనుకున్నాను. ఈ ఒక్కసారి ఖాళీ వదిలేద్దామనుకున్నాను. జన్మలో మొదటిసారి.

"ఎందుకు రాయడు లచ్చవ్వా" అన్నాను. "రాస్తాడు. ఉద్యోగం వస్తుంది."

లచ్చవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆమె భుజం మీదుగా చూస్తే, భానుప్రకాశ్ తల ఎత్తి ఉన్నాడు. మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూశాడు. అందులో కోపం లేదు. నా జవాబు విన్నాక, తన పంచనామాలో తొమ్మిదో గడి ఎలా నిండిందో అతనికి అప్పుడు తెలిసింది.